నిప్పున కెదురు నిలుచు చేతులు

మలకపేట దాటి విజయవాడ రహదారిని తూర్పుగా పోవువారికి మొదట దిల్‌సుఖ్‌నగర్, తరువాత కొత్తపేట, ఆపైన ఎల్.బి. నగర్ కూడలి తగులును. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి తన పొలములను ఇండ్లస్థలములుగా విభజింపగా వెలసిన బస్తీ కనుక దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఎల్.బి. నగర్ పేరు లాల్ బహదూర్ శాస్త్రిగారిని తలపించునది. 2007 ఏప్రిలులో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలియువరకు అది వేరొక పురపాలక సంఘము. 2018 సెప్టెంబరు 24 నుండి మెట్రో రైలు ఈ దారి నెత్తిమీదుగా ఎల్.బి. నగర్ దాక నడచుచున్నది. ఒకప్పుడు పొలములు, మామిడితోటలు ఉన్నచోట నేడు మేడలు భుజము భుజము రాచుకొని నిలిచియున్నవి.

ఈ దారిలో రెండు వస్తువులు కొత్తవారి కంట వెంటనే పడును. ఒకటి, కింద దుకాణము, పైన కార్యాలయము, ఆపైన విద్యార్థుల వసతిగృహము, నేలకింద వాహనములు లేదా సరుకు, అన్నిటికి కలిపి ఒకే ఇరుకు మెట్లదారి ఉన్న ఎత్తయిన కట్టడములు. రెండవది, ఆ కట్టడముల ముఖమంతయు కప్పిన చదువుల ఫలకములు. ఉద్యోగ పరీక్షలకు, కంప్యూటరు విద్యకు, ఇంగ్లీషు మాటలాడుటకు ఇక్కడ శిక్షణాలయములు కొల్లలు. వానిలో ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ కోర్సుల ఫలకములును కనిపించును. కర్మాగారములలోనో, గల్ఫు దేశములలోనో కొలువు దొరకునను ఆశతో పల్లెల నుండి వచ్చిన యువకులు వానిలో చేరుచుందురు.

ఆ ఫలకములను చూచినపుడు మనకొక ప్రశ్న తోచును. నిప్పునార్పు విద్య బల్లమీద కూర్చుండి పుస్తకము చూచి నేర్చుకొనదగినదేనా? ఆ విద్య ఎక్కడ పుట్టి, ఎవరి చేతులలో పెరిగి, మన నగరమునకు ఎట్లు చేరినది? ఈ ప్రసంగములో ఆ చరిత్రను కొంత తెలిసికొందము.

మన దేశములో ఈ ఆలోచన మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రములో నగరాధికారి విధులను చెప్పు భాగమొకటి ఉన్నది. అందులో నిప్పును గురించిన కట్టడులు చాలవరకు గృహస్థునికి విధించినవే. ప్రతి ఇంటను నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా ఉండవలెను. లేనివారు జరిమానా కట్టవలెను. వేసవిలో పగటివేళ నిప్పు రాజేయుటకు ఆంక్షలున్నవి. వంట కావలెనన్న ఇంటి వెలుపల చేసికొనవచ్చును. పెద్దవీధులలో, కూడళ్లలో, నగరద్వారముల వద్ద నీటి పాత్రలు బారులు తీర్చియుండవలెను. ఎక్కడనైన ఇల్లంటుకొన్నపుడు ఆర్పుటకు పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండుగ. ఆ పట్టికలోని నిచ్చెన, గొడ్డలి, కొక్కెము నేటికిని అగ్నిమాపక వాహనము మీద తమ చోటు విడువలేదు.

మన పల్లెలలో చట్టము చెప్పకుండగనే ఈ విద్య చేతినుండి చేతికి వచ్చినది. తాటాకు, రెల్లు, వరిగడ్డి కప్పిన ఇండ్ల కాలములో ఎండలు ముదిరి గాలి లేచినపుడు ఒక పొయ్యిలోని రవ్వ వాడకు వాడనే కాల్చెడిది. అప్పుడు పెద్దలు ఏమి చేసెడివారో స్మరింపుడు. అంటుకొన్న ఇంటిని విడిచి గాలివాలున ఉన్న తరువాతి ఇంటి కప్పు నెక్కి ఆకులు పీకివేసెడివారు. మిగిలిన కప్పులమీద తడిపిన గోనెలు పరచెడివారు. బావినుండి ఇంటివరకు వరుసగా నిలిచి కుండలు చేతులు మార్చెడివారు. పశువుల పలుపులు మొదట కోసివేసెడివారు. ఎవడు కప్పెక్కవలెనో, ఎవడు చేదవలెనో ఆ ఊరికి ముందే తెలిసియుండెడిది. కాలుచున్న ఇంటి నీటిని పోయుటకంటె, కాలబోవు ఇంటిని కాపాడుట మేలని ఎంచుట చిన్న తెలివి కాదు. నేటి అగ్నిమాపక శాస్త్రములోను పొరుగును తడిపి కాపాడుట ముఖ్యమైన పాఠములలో ఒకటి. “ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు” అను సామెత ఊరక పుట్టలేదు. ఆ మాటలో పూర్వుల నష్టమంతయు ఉన్నది.

పల్లెలో సరిపోయిన ఈ ఏర్పాటు మహానగరములో చాలదని ఇతర దేశములకును అనుభవముమీద తెలిసినది. క్రీ.శ. 6వ సంవత్సరములో ఆగస్టస్ చక్రవర్తి రోము నగరమున రాత్రి కాపుదలకును నిప్పునార్పుటకును ఏడు దళములను ఏర్పరచినాడు. నిప్పుతోడి పోరును కొందరి నిత్యవృత్తిగా చేసిన పెద్ద ప్రయత్నములలో అది మొదటివానిలోనిది. లండనులో 1666లో జరిగిన ఘోరదహనము తరువాత భీమా కంపెనీలు తమ ఖాతాదారుల ఇండ్లను కాపాడుకొనుటకు సొంత దళములను పెట్టుకొన్నవి. అయినను ఆ మనుష్యులకు పద్ధతి ప్రకారము శిక్షణ నిచ్చుట అను మాట బలపడుటకు ఇంకను నూరేండ్లకు పైగా పట్టినది.

ఆ పని చేసినవాడు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. 1824లో స్కాట్లండులోని ఎడింబరా నగరము తన అగ్నిమాపక దళమునకు అతనిని నాయకునిగా నియమించినది. అప్పటికతని వయస్సు 24 ఏండ్లు. ఇండ్ల నిర్మాణము ఎరిగిన కుటుంబమునుండి వచ్చినవాడు కనుక అతడు దళములోనికి కప్పులు వేయువారిని, వడ్రంగులను, తాపీపనివారిని, కమ్మరులను, పైపుల పనివారిని ఏరి తీసికొన్నాడు. ఇల్లు కట్టిన చేతికే ఇల్లు ఎక్కడ కూలునో, ఏ దూలము ఎంతసేపు నిలుచునో తెలియునని అతని నమ్మకము. ఆ మనుష్యులకు తెల్లవారకముందే నగరవీధులలో కవాతు నేర్పినాడు. చీకటిలో గొట్టము పరచుట, చీకటిలో నిచ్చెన నిలుపుట అలవడిన చేతులకు పొగలోను తడబాటు ఉండదు గదా! వీధిలో నిలిచి పొగమీద నీరు చల్లుట వ్యర్థమనియు, లోపలికి చొచ్చి మంటల మూలమును కొట్టవలెననియు అతడు నొక్కి చెప్పెడివాడు. 1830లో తన పద్ధతులను గ్రంథముగా ప్రకటించినాడు. 1833లో లండను భీమా కంపెనీలు తమ దళములను ఒక్కటి చేసినపుడు అతనినే అధిపతిగా పిలిచినవి. 1861 జూను 22న థేమ్సు నది ఒడ్డున టూలీ వీధిలోని గిడ్డంగులు కాలుచుండగా, తన మనుష్యులను పరామర్శించుచున్న వేళ గోడ కూలి అతడు మరణించినాడు.

బ్రెయిడ్‌వుడ్ తరువాత ఆ పదవికి వచ్చిన మాస్సీ షా ఓడలలో పనిచేసినవారిని ఎక్కువగా కోరి తీసికొన్నాడు. కారణము స్పష్టమే. తాళ్లు, ముళ్లు, ఎత్తులెక్కుట, రాత్రి కాపలా, ఒక్కమాటకు అందరు కదలుట వారికి అప్పటికే చేతినైన పనులు. ఒకరు ఇండ్లు కట్టువారిని, మరియొకరు ఓడలు నడుపువారిని కోరినను, ఇద్దరి వెదకులాట ఒకే వస్తువుకొరకు సాగినది. మాటతో వచ్చిన విద్య మాటతోనే మంటలో కాలిపోవును, చేతికి పట్టిన విద్య మిగులునని వారిద్దరును ఎరుగుదురు.

ఇక మన దేశమునకు వత్తము. 1944 ఏప్రిల్ 14 మధ్యాహ్నము బొంబాయి విక్టోరియా డాకులో ‘ఫోర్ట్ స్టికిన్’ అను నౌకలో నిప్పు పుట్టినది. అందులో పత్తి బేళ్లు ఉన్నవి. సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థములు ఉన్నవి. అగ్నిమాపక దళములు వచ్చి నౌకలోనికి నీరు పంపుచునే ఉన్నవి. నౌకను ముంచవలెనా, సముద్రములోనికి లాగవలెనా అను నిర్ణయము ఎవరును సకాలములో చేయలేకపోయినారు. సాయంత్రము నాలుగు దాటిన కొద్ది నిమిషములకు మొదటి పేలుడు, అరగంటలోపున రెండవ పేలుడు సంభవించినవి. వందలకొలది జనులు మరణించినారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14 మొదలు 20 వరకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవములు జరుపుట వారి స్మృతిచిహ్నముగానే.

ఆ మనుష్యులకు ధైర్యము కొరవడలేదు. తుదినిమిషము వరకు గొట్టము విడువని చేతులవి. అయినను ధైర్యమొక్కటి చాలదని, ఎదుట కాలుచున్న దేమో, ఆజ్ఞ ఎవరిదో, ఎప్పుడు వెనుకకు తగ్గవలెనో కూడ ముందుగానే అభ్యసించి ఉండవలెనని ఆ దినము దేశమునకు తెలిసినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1955లో కేంద్ర హోంశాఖ అగ్నిమాపక సేవల సలహాసంఘమును ఏర్పరచినది. 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపురములో జాతీయ అగ్నిమాపక కళాశాల ప్రారంభమై, మరుసటి ఏడు నాగపూరునకు తరలినది. అప్పటినుండి ఏ రాష్ట్రపు అధికారి అయినను, ఏ కర్మాగారపు అధికారి అయినను ఒకేరకపు కవాతు, ఒకే పరిభాష నేర్చుకొనుటకు ఆ కళాశాల ఆధారమైనది. హర్షిణీ కన్హేకర్ అక్కడ శిక్షణ ముగించిన తొలి మహిళ. గొట్టమునకు, నిచ్చెనకు ఆడ మగ అను భేదము లేదని ఆమె నిరూపించినది.

కళాశాల పుట్టిన 1956లోనే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. మదరాసు పద్ధతిలో నడచిన ఆంధ్ర జిల్లాలును, హైదరాబాదు సంస్థానపు పద్ధతిలో నడచిన తెలంగాణ జిల్లాలును ఒక్క రాష్ట్రపు సేవ కిందికి వచ్చినవి. 1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టము వచ్చినది. 2014 జూను 2న తెలంగాణ ఏర్పడినపుడు సేవయు రెండుగా విడినది. తెలంగాణ అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ నిచ్చు సంస్థ హైదరాబాదు పడమటి అంచున వట్టినాగులపల్లిలో ఉన్నది. 2024 అక్టోబరులో అక్కడ శిక్షణ ముగించిన 483 మంది ఫైర్‌మెన్, 155 మంది డ్రైవర్ ఆపరేటర్లు కవాతు చేసి సేవలో చేరినారు. దిల్‌సుఖ్‌నగర్‌లో గంట మ్రోగినపుడు మలకపేట కేంద్రమునుండియో, ఎల్.బి. నగర్ ఆవల ఐనచో హయత్‌నగర్ కేంద్రమునుండియో వచ్చు వాహనములలో ఉండువారు ఇటువంటి మైదానములలో చేయి తిరిగినవారే.

ఆ మైదానములో వారు నేర్చుకొనునదేమి? చూచువారికి చిన్నవిగా కనిపించు పనులే. గొట్టమును చుట్టుట, విప్పుట మొదటి పాఠము. మన దేశములో సాధారణముగా వాడు గొట్టము 63 మిల్లీమీటర్ల వ్యాసము, 15 మీటర్ల పొడవు గలది. ఖాళీగా ఉన్నపుడు ఒకడు చంకన పెట్టుకొని పరుగెత్తవచ్చును. నీరు నిండినచో ఆ ఒక్క గొట్టములోని నీరే సుమారు 47 కిలోగ్రాములు తూగును. మెట్లమీద నాలుగవ అంతస్తు వరకు అటువంటివి నాలుగైదు కలిపి లాగవలెనన్న ఎంతటి బలవంతునికైనను అసాధ్యము. కనుక నీరు ఎప్పుడు పిలువవలెనో, మలుపువద్ద ఎవడు నిలువవలెనో ముందే తెలిసియుండవలెను. గొట్టము చివర ఇత్తడితో చేసిన బ్రాంచి పైపు ఉండును. నీరు ముందుకు చిమ్మినంత బలముతో అది పట్టినవానిని వెనుకకు త్రోయును. ఒకడు పట్టుకొనగా రెండవవాడు వీపునకు వీపునిచ్చినట్లు భుజమానించి నిలుచును. ఈ బరువు, ఈ త్రోపు ఏ పుస్తకములో చదివినను చేతికి తెలియవు.

పంపు నడుపువానికి వేరొక పాఠము. చెరువునుండియో బావినుండియో నీరు పీల్చునపుడు గొట్టములోని గాలిని మొదట తీసివేయవలెను. గాలి తొలగినచోట వాతావరణపు ఒత్తిడియే నీటిని పైకి నెట్టును. ఆ ఒత్తిడి ఎంత ప్రయత్నించినను సుమారు పది మీటర్ల లోతు మించి నీటిని ఎత్తలేదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటుట కష్టము. ఒక్క జోడింపు వదులైనను గాలి చొరబడి నీరు జారిపోవును. పైన తన తోటివారు మంట ఎదుట నిలిచియుండగా ఈ పొరబాటు జరిగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అందుచేత పంపు శబ్దమును విని, ముల్లును చూడకయే, నీరు పట్టినదో లేదో చెప్పగలుగువరకు అభ్యాసము చేయింతురు.

ముడులు మూడవ పాఠము. ఎంత లాగినను బిగుసుకొనక, పట్టు విడువక నిలుచు ఉచ్చును కన్నులు మూసికొని కట్టుట రావలెను. ఈ విద్య మనకు పరాయిది కాదు. ఎల్.బి. నగర్ దాటి నల్లగొండ వైపు పోయినచో తాటిచెట్లెక్కు గీతకార్మికులు మోకుమీద తమ ప్రాణములను నమ్మి బరువును ఎట్లు తూచుకొందురో చూడవచ్చును. వారి చేతికి అది బాల్యమునుండి వచ్చిన అలవాటు; అగ్నిమాపక శిష్యునికి కొన్ని నెలలలో రావలసిన అలవాటు.

అన్నిటికంటె కష్టమైనది పొగలో పని. అగ్నిప్రమాదములలో చాలమంది ప్రాణములు తీయునది మంటకంటె పొగయే. శిక్షణాలయములో పొగ నింపిన గది ఒకటి ఉండును. వీపున గాలి సిలిండరు, ముఖమునకు తొడుగు ధరించి ఆ గదిలో గోడను చేతితో తడుముచు, నేలమీద ప్రాకుచు, బరువైన బొమ్మ మనిషిని వెదకి ఈడ్చుకొని రావలెను. గాలి ఎంతసేపు వచ్చును? ఆరు లీటర్ల సిలిండరును మూడువందల బార్ ఒత్తిడిలో నింపినచో సుమారు 1,800 లీటర్ల గాలి. నిమిషమునకు నలువది లీటర్ల చొప్పున నలువదియైదు నిమిషములు. కాని భయపడి రొప్పువానికి ఆ గాలి సగము కాలములోనే హరించును. కనుక ఊపిరి తీయుటయు ఒక చేతిపనివలె నేర్వవలసినదే. ఒంటరిగా లోనికి పోరాదు, వచ్చిన దారిని గోడను విడువరాదు, హెచ్చరిక ఈల మ్రోగగానే వెనుకకు తిరుగవలెను. వినుటకు సులభమైన ఈ మూడు నియమములను పొగలో పాటించుటకు వందలసార్లు అభ్యాసము కావలెను.

నిప్పు ఒక్క రకము కాదు. కట్టె, గుడ్డ, కాగితము కాలినచో నీరు చాలును. కాగుచున్న నూనెలో నీరు పడెనా, నీరు అడుగునకు చేరి ఒక్కసారిగా ఆవిరియగును. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,700 రెట్లు విస్తరించును గనుక అది మండుచున్న నూనెను నలుదిక్కుల చిమ్మును. మన వంటగదిలోని గ్యాసు గాలికంటె బరువైనది. కనపడకుండ నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పును వెదకికొనును. శిక్షణలో నూనె తొట్టెలకు నిజముగా నిప్పు పెట్టి ఆర్పింతురు. వేడి చెంపకు తగులనిదే ఎంత దూరమునుండి, గాలికి ఏ ప్రక్కనుండి సమీపింపవలెనో తెలియదు.

ఈ భేదమును తెలుగుదేశము గొప్ప మూల్యమిచ్చి నేర్చుకొన్నది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద చమురుబావి విస్ఫోటము జరిగి 65 దినములు మండినది. ఏ ఊరి ఫైరింజనును ఆర్పజాలని నిప్పు అది. అందుకు ప్రత్యేక నిపుణులు, ప్రత్యేక సాధనములు కావలసివచ్చినవి. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణములోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారములో గ్యాసు కారి అంటుకొని సుమారు 60 మంది మరణించినారు. కర్మాగారములకు సొంత అగ్నిరక్షణ సిబ్బంది ఎంత అవసరమో, వారికి ఎంతటి శిక్షణ కావలెనో ఇటువంటి ప్రమాదములవలననే తెలియవచ్చినది. మనము మొదట చెప్పుకొన్న దిల్‌సుఖ్‌నగర్ ఫలకములు పిలుచునది ఇట్టి కొలువులకే.

ఆ కోర్సులను నిందించుట మా ఉద్దేశము కాదు. నిప్పు స్వభావము, చట్టపు నియమములు, కర్మాగారపు పటములు చదివి తెలిసికొనవలసినవే. చక్కగా నేర్పువారు మైదానము చూపి, గొట్టము చేతికిచ్చి, పొగ గదిలోనికి పంపుదురు. అయితే అద్దె గదిలో బొమ్మలు చూపి పత్రము చేతబెట్టు చోటును ఉండవచ్చును. తల్లిదండ్రులు పొలము తాకట్టు పెట్టి పంపిన పిల్లవాడు అక్కడ చేరినచో నష్టపోవునది రుసుము మాత్రమే కాదు. ఆ పత్రము పట్టుకొని అతడు ఏ రసాయన కర్మాగారములోనో కావలియై నిలుచును. అతని వెనుక వందమంది అతనిని నమ్మి పనిచేయుచుందురు. కనుక చేరకముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: “మా పిల్లవాని చేతికి గొట్టము ఎన్ని గంటలు ఇత్తురు?”

నగరములోని ఇటీవలి ఘటనలు ఈ ప్రశ్నకు తొందరను తెచ్చినవి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన వసతిగృహము ఉన్న కట్టడములో నిప్పు లేచి 8 మంది మరణించినారు. 2023 మార్చి 16న అదే సికింద్రాబాదులోని స్వప్నలోక్ కట్టడములో ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కి ఊపిరాడక పోయినారు. ఆ ఏడే మే నెల చివర ఎల్.బి. నగర్‌లో కార్లుంచు షెడ్డు అంటుకొని పెక్కు కార్లు బూడిదయైనవి. 2025 మే 18న చార్మినారు సమీపమున గుల్జార్ హౌజ్ వద్ద ఇరుకు ప్రవేశము గల ఇంటిలో 17 మంది మరణించినారు. చదువుల బస్తీలకు మరింత దగ్గరి ఉదాహరణము సూరత్ నగరము. 2019 మే 24న అచ్చటి వాణిజ్య కట్టడపు పైఅంతస్తులోని శిక్షణాలయములో 22 మంది విద్యార్థులు ప్రాణములు కోల్పోయినారు. మెట్లదారి మంటలపాలు కాగా అనేకులు కిటికీలనుండి దూకినారు. 2023 జూనులో ఢిల్లీలోని ముఖర్జీనగర్ శిక్షణాలయము అంటుకొన్నపుడు విద్యార్థులు తాళ్లు, తీగలు పట్టుకొని దిగి బయటపడినారు.

ఈ ఘటనలన్నిటిలోను ఒకే మాట మరల మరల వినవచ్చును: లోనికి పోవు దారి, వెలుపలికి వచ్చు దారి. అగ్నిమాపక సిబ్బంది ఎంత నేర్చినను, మెట్లమీద పేర్చిన అట్టపెట్టెలు వారి నేర్పును ఓడించును. నిచ్చెన నిలుపుటకు చోటులేని సందులో చేయి తిరిగినవాడును ఏమి చేయగలడు? కౌటిల్యుడు గృహస్థునికే మొదటి బాధ్యత నిచ్చుటలోని వివేకము ఇక్కడ కనిపించును. దళము చేరులోపల గడచు మొదటి కొన్ని నిమిషములు ఇంటివారివే. ఆ నిమిషములలో ఇంటివాని చేయి ఏమి చేయునో దానినిబట్టియే మిగిలిన కథ నడచును. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినట్లు, నేడు వీధిలో గుమిగూడి చేతిఫోనులలో బొమ్మలు తీయువారు ఫైరింజను దారికి అడ్డము నిలుచుట చూచుచున్నాము. ఆ దారి విడుచుటయు ఒక సహాయమే.

మనమందరము గొట్టము పట్టనక్కరలేదు. కాని ప్రతి ఇంటను నేర్వదగిన చేతిపనులు కొన్ని ఉన్నవి. గ్యాసు వాసన వచ్చినపుడు విద్యుత్ మీటను ముట్టక, రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచుట. మూకుడులోని నూనె అంటుకొన్నచో నీరు పోయక, పొయ్యి ఆర్పి మూత కప్పుట. పొగ కమ్మినపుడు తడిగుడ్డ ముక్కునకు పట్టి, నేలకు వంగి, గోడవెంట ద్వారమును చేరుట. ఆర్పు సిలిండరు ఉన్నచో దాని చీలను లాగి, మంట మొదలు మీదికి గురిపెట్టి నొక్కుట. 101కి గాని 112కి గాని ఫోను చేసి, వీధి పేరు, దగ్గరి గురుతు, లోపల ఎందరున్నారో తొట్రుపడక చెప్పుట. ఇవి వినినంత మాత్రమున రావు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె, ఒక ఆదివారము ఇంటిల్లిపాదియు ఒక్కసారి చేసి చూచుట మేలు. పిల్లలను కన్నులు మూసికొని పడకగదినుండి వీధివాకిలివరకు గోడ తడుముచు రమ్మనుడు. దారిలో కాలికి తగిలిన వస్తువులను ఆనాడే తొలగింపుడు. మెట్లకింద నిలిపిన స్కూటరును ఆవలికి జరుపుడు. దిల్‌సుఖ్‌నగర్‌లోనైనను, ఎల్.బి. నగర్‌లోనైనను, మీ ఊరిలోనైనను, పొగలో మీ కొరకు వచ్చువారికి ఆ దారియే కావలెను.